తల చూడని చేప

ఫిజీ రాజధాని సువాలో నేను పనిచేసిన ప్రయోగశాలలో ఒక నియమం ఉండేది. తల చూడకుండా చేపకు పేరు పెట్టకూడదు. తల చూశాక కూడా, జన్యు పరీక్ష అదే మాట చెప్పేదాకా సీసా మీద పేరు రాయకూడదు. అంతవరకూ "జాతి తెలియదు" అని రాసి పక్కన పెట్టాలి. ఈ నియమం పెట్టింది మా పెద్దమేడం. ఆవిడ దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. తిట్లకు భయపడి నేర్చుకున్న పని కాబట్టి ఇప్పటికీ మరిచిపోలేదు.

దీవుల నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేపల్ని బల్ల మీద వరసగా పడుకోబెట్టేవాళ్ళం. మూతి నుంచి తోకదాకా ఎంత, కంటి అడ్డుకొలత ఎంత, వీపు ఎత్తు ఎంత అని కొలిచి రాసుకోవాలి. వీపు రెక్కలో ముళ్ళు లెక్కపెట్టాలి. మొప్ప ఎత్తి లోపలి దువ్వెన పళ్ళు లెక్కపెట్టాలి. ఆ తర్వాత రెక్క చివర బియ్యపు గింజంత ముక్క కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వెయ్యాలి. అందులోంచి జన్యువు తీసి, చదవడానికి పై దేశం పంపేవాళ్ళం. కొన్ని వారాలకు నాలుగే నాలుగు అక్షరాలతో పేజీలకొద్దీ రాత తిరిగొచ్చేది. కవలల్లా కనిపించిన రెండు చేపలు ఆ రాతలో వేరు వేరు జాతులుగా విడిపోయేవి. అసలు పోలికే లేదనుకున్నవి ఒకే జాతి అని తేలేవి. ఆ కాగితాలు వచ్చిన రోజు నాకు అన్నం కూడా గుర్తుండేది కాదు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే చేపల్లో రెండు ఎర్రచేపలు ఉండేవి, దాము, బాతి అని. దాము మడ అడవుల్లో పెరుగుతుంది, పులుసు పెడితే వేళ్ళు నాకాల్సిందే. బాతి పగడపు దిబ్బల చేప. కొన్ని చోట్ల దాని ఒంట్లో విషం చేరుతుంది. ఆ విషానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఎంత ఉడికించినా పోదు. పెద్దవైతే రెండూ ఇటుక రంగులోనే ఉంటాయి. తేడా అంతా తలలో ఉంది. బాతికి ముక్కు రంధ్రాల దగ్గర నుంచి కంటిదాకా గోటితో గీరినట్టు ఒక గాడి ఉంటుంది, దాముకు ఉండదు. కొత్తగా చేరిన పిల్లలకు ఈ గాడి చూపించి, "కళ్ళున్నవాళ్ళకి జన్యువుతో పనేముంది" అని గొప్పలు పోయేదాన్ని. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ సామెత నా కోసమే పుట్టిందని అప్పటికి నాకు తెలియదు.

రెండువేల సంవత్సరంలో ప్రభుత్వాన్ని కూలదోసిన గొడవలు సద్దుమణిగిన కొన్నేళ్ళకు నా చెల్లెలికి ఏడో నెల వచ్చింది. తను ఉత్తరాన ఇంకో దీవిలో, లంబాసా దగ్గర టాబియాలో ఉండేది. మొగుడిది చెరకు సేద్యం. అంతకు ముందు రెండుసార్లు మూడో నెల దాటకుండానే పోయాయి. ఈసారి ఏడు దాకా వచ్చిందంటే ఇంటిల్లిపాదీ గట్టిగా మాట్లాడటానికి కూడా జంకుతున్నారు. గాజులు తొడిగించడానికి మా అమ్మ లేదు కాబట్టి ఆ పని నాది. సెలవు పెట్టి, రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు పాత చీరలో చుట్టుకుని ఓడ ఎక్కాను. ఫోనులో చెల్లెలు గాజుల సంగతి అడగలేదు. "అక్కా, నాకు లాల్ మచ్ఛరీ పులుసు తినాలని ఉంది. ఇక్కడ మార్కెట్‌లో ఫ్రెష్ దొరకదు. నువ్వు చూసి తేవాలి" అంది. లాల్ మచ్ఛరీ అంటే ఎర్రచేప, అక్కడి తెలుగులో సగం హిందీయే.

చూసి తేవాలి అంది. ఆ మాట తర్వాత నా చెవిలో ఎన్నేళ్ళు మోగిందో చెప్పలేను.

ఓడ తెల్లవారుతుండగా సావుసావు రేవులో ఆగింది. లంబాసా బస్సు అప్పటికే హారన్ కొడుతోంది. రేవు పక్కన ఒక ఫిజీ ఆవిడ తడి గోనె కింద చేపలు పెట్టుకుని కూర్చుంది. ఎర్రటి తోకలు బయటికి కనిపిస్తున్నాయి. "దాము?" అన్నాను. ఆవిడ కనుబొమలెత్తింది. మా దేశంలో అది ఔననడం. నేనడిగిన తీరులోనే జవాబు ఉంది, ఎవరైనా ఔననే అంటారు. ఆవిడ పెద్ద చేపను గోనెముక్కలో చుట్టి తాడు బిగించి ఇచ్చింది. పట్టుకుని బస్సు వెంట పరుగెత్తాను. ముడి విప్పి మూతి చూడటానికి అర నిమిషం పట్టేది, అంతే.

బస్సు కొండ ఎక్కుతుంటే అలవాటు ఊరుకోలేదు. నా సంచిలో ఎప్పుడూ రెండు మూడు సీసాలు, చిన్న కత్తెర ఉంటాయి. బయటికి వచ్చిన తోకలోంచి ఒక గింజంత కత్తిరించి స్పిరిట్‌లో వేశాను. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. సీసా మీద "సావుసావు, ఎర్రచేప, జాతి తెలియదు" అని రాశాను. రాస్తూ నవ్వుకున్నాను. తెలియకపోవడమేమిటి, దామే కదా అనుకున్నాను.

టాబియాలో గేటు దగ్గరే చెల్లెలి అత్తగారు ఎదురొచ్చి మూట అందుకుంది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. కడుపుతో ఉన్న మనిషి రెప్ప వెయ్యని కన్ను చూడకూడదు. అందుకని చేపను ఇంటి ముందు నుంచి తేరు. వెనక నుంచి తీసుకుపోయి, ముందు తల కోసి దాచేసి, తర్వాతే మిగతా పని. ఆ తల కోడలి కంట పడకుండా ఇంటికి పెద్దదైన ఆడమనిషే వండుకు తినాలి.

"అత్తమ్మా, ఒక్కసారి దాని మూతి చూసిస్తాను" అన్నాను.

"నువ్వు ఫిష్ డాక్టర్ కదా బేటీ, నువ్వు తెచ్చింది మళ్ళీ చెక్ చెయ్యాలా? కోడలు వరండాలో ఉంది, చూసేస్తాది. నువ్వు పోయి నహాయ్ చెయ్యి, ఫస్ట్" అంది.

నేను పోయి స్నానం చేశాను. వచ్చేసరికి ముక్కలన్నిటికీ ఉప్పూ పసుపూ పట్టించి ఉంది. తల రెండుగా చీల్చి, అదీ పసుపులో ముంచి, వేరే గిన్నెలో మూత కింద పెట్టారు. మూత ఎత్తితే సరిపోయేది. వియ్యాలవారింట్లో వంట గిన్నెల మూతలు ఎత్తడం మర్యాద కాదని ఊరుకున్నాను. మర్యాద కంటే కూడా, ఫిష్ డాక్టర్ అన్న మాట నాకు బాగుంది.

మధ్యాహ్నం అందరం తిన్నాం. అత్తగారి పాత ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు, ఎర్రగా, నూనె తేలుతూ. ఆ గిన్నె ఆవిడ నాయనమ్మ ఫిజీ చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినప్పుడు మద్రాసు నుంచి వెంట తెచ్చుకున్నదట. చెల్లెలు రెండుసార్లు వడ్డించుకుంది. మరిది తోటలో పనికి తొందరపడి ఒక్క ముక్కతో లేచాడు. అత్తగారు వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని తల తిన్నది. ఎముకలు పటపట నమలడం నాకు వినిపించింది.

సాయంత్రం నాలుగూ నాలుగున్నర మధ్య నా పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు అయింది. మిరపకాయ ఘాటు అనుకున్నాను. తర్వాత పెరట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఇదేంది, నల్కా నీళ్ళు గరం అయిపోయింది. చెయ్యి కాలతా ఉంది!"

వెళ్ళి ఆ నీళ్ళకింద చెయ్యి పెట్టాను. చల్లటి నీళ్ళు. నా వేళ్ళ చివరలు కూడా చురుక్కుమన్నాయి. చన్నీళ్ళు కాలడం నాకు తెలిసిన ఏ రోగంలోనూ లేదు, ఈ ఒక్క విషంలో తప్ప. నేను ఇంకా పంపు కట్టకముందే ఆవిడ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. విషం తలలో, కాలేయంలో ఎక్కువగా చేరుతుందనీ, ఒకే చేప తిన్న అందరికీ ఒకేలా ఎక్కదనీ నేనే పిల్లలకు పాఠం చెప్పేదాన్ని.

అప్పుడు వరండాలోంచి చెల్లెలు నవ్వుతూ పిలిచింది.

"అక్కా, జల్దీ రా! ఇది లోపల నాచ్ చేస్తా ఉంది! ఇంతగా ఎప్పుడూ చెయ్యలేదు, దేఖో, దేఖో!"

నా చెయ్యి లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నడం కాదది. కొట్టుకుంటోంది. ఒక పక్కన మోకాలు లేచింది, అది పోకముందే ఇంకో పక్కన మడమ, మళ్ళీ వెంటనే ఇంకోటి, ఆగకుండా. తల్లి తిన్న ఈ విషం కడుపులో బిడ్డకు చేరితే బిడ్డ ఇలాగే అల్లాడుతుందని ఎప్పుడో చదివాను. చదివినప్పుడు కాఫీ తాగుతున్నాను కాబోలు, పేజీ తిప్పేశాను. ఇప్పుడు ఆ పేజీ నా అరచేతి కింద కదులుతోంది.

"హుషారుగా ఉంది కదక్కా? ఈసారి పక్కా గట్టిది" అంది చెల్లెలు. మొహం వెలిగిపోతోంది. రెండుసార్లు పోగొట్టుకున్న మనిషి. ఏడు నెలలూ కదలికల కోసం చెవి ఒగ్గి కూర్చున్న మనిషి.

చెప్పాలి. ఏం చెప్పాలి? నేను తల చూడలేదని చెప్పాలా? అది బాతి అని చెప్పాలా? బాతో కాదో నాకు తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు నా నోరు నొక్కేసింది. రుజువు లేకుండా పేరు పెట్టకు. నిజానికి నాకు భయం వేసింది, అంతే. ఆ భయానికి ప్రయోగశాల నియమం మంచి ముసుగు ఇచ్చింది. "అవునే, గట్టి పిల్ల" అని నేను కూడా నవ్వాను.

పెరటి వెనక చెత్త వేసే చోటికి పరుగెత్తాను. అత్తగారి కంచంలో మిగిలిన ఎముకలు అక్కడ పారేసి ఉన్నాయి. చీకటి పడకముందే ఒక్కొక్కటీ ఏరి అరటాకు మీద పేర్చాను. కంటి గుంట అంచు, దవడ ముక్క, పళ్ళు. ఆవిడ బాగా నమిలింది. కంటి ముందు ఉండాల్సిన ఎముక పిండి పిండి అయిపోయింది. వేళ్ళకు పసుపు అంటుకుంది తప్ప గాడి ఉందో లేదో తేల్చే ముక్క ఒక్కటీ దొరకలేదు. అక్కడ కూర్చుని ఏడ్చాను. ఎవరైనా వస్తారేమో అని ఏడుపు కూడా మింగుకున్నాను.

అత్తగారు నిలబడలేకపోయింది. పొరుగింటివాళ్ళ కారియర్ ట్రక్కులో అందరం లంబాసా ఆస్పత్రికి వెళ్ళాం. అత్తగారికి తోడుగా వస్తున్నాననే చెల్లెలు అనుకుంది. డాక్టరును పక్కకు పిలిచి ఇంగ్లీషులో చెప్పాను. ఏ చేప అని అడిగాడు. దాము అనుకుని కొన్నాను, తెలియదు అన్నాను. పక్కాగా తెలిస్తే చెప్పండి అన్నాడు, కసరకుండానే. ఈ విషానికి విరుగుడు లేదనీ, నీళ్ళెక్కించి కనిపెట్టుకుని ఉండటమే అనీ చెప్పాడు. కడుపు మీద గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నాడు. చాలా వేగంగా ఉందన్నాడు నాతో. చెల్లెలు నర్సుతో, "మా అత్త బీమార్ అయింది, దీనికి మాత్రం పార్టీ" అంటోంది. నర్సు నవ్వింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

మర్నాడు ఆస్పత్రిలో అత్తగారి మంచం పక్కన కూర్చుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "బేటీ, ఇది నా తప్పు. ఆ పీతల్ గిన్నెకి కళాయి పోయింది. దాంట్లో చింతపండు పోసినాను. చిలుం దిగింది. నేనే అందరికీ జహర్ పెట్టినాను. కోడలికి బోలొద్దు, భయపడతాది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కళాయి పోయిన ఇత్తడిలో పులుపు వండితే విషమని మన ఇళ్ళలో ఏ ఆడపిల్లకైనా తెలుసు. ఆ తెలివే ఆవిణ్ణి తప్పుదోవ పట్టించింది. ఆ క్షణంలో నాకు ఎంత తేలికైందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. "అలా అనుకోకు అత్తమ్మా" అన్నాను గానీ, "కాదు" అనలేదు.

ఆ రోజే బిడ్డ కదలడం మానేసింది.

పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. "థక్ గయా అక్కా, నాచ్ చేసి చేసి నిద్రపోతా ఉంది" అంటూ చెల్లెలు ఆస్పత్రి వరండాలో కూర్చుని నారింజ తొనలు ఒలుచుకుని తింటోంది. నేను ప్రేమ ఒలకబోస్తున్నట్టు దాని పక్కన చేరి కడుపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. లేవలేదు. బాత్‌రూముకు కూడా పోలేదు. గుండె చప్పుడు ఉందని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. నాకు నమ్మకం కుదరలేదు. నేను కొలిచిన వేల చేపల్లో ఒక్కదాని కోసం కూడా దేవుణ్ణి తలుచుకోలేదు. ఆ రోజు తెలిసిన దేవుళ్ళనందరినీ పిలిచాను. ఐదు గంటలప్పుడు చేతి కింద ఏదో మెల్లగా జరిగింది. ఒక్కసారి, చిన్నగా. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

గాజులు నేనే తొడిగి, వారం తర్వాత సువాకు తిరిగి వచ్చాను. సీసా తీసి బల్ల మీద పెట్టి, పెద్దమేడంకి అంతా చెప్పాను. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని నా పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి ఆ ముక్కలోంచి జన్యువు తీశాం. రాత తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టింది. ఆరు వారాలూ ఫోను మోగిన ప్రతిసారీ టాబియా నుంచేమో అనుకునేదాన్ని. వచ్చిన అక్షరాలను రెండు చేపల అక్షరాలతో వరసగా పెట్టి చూశాం. ఒకదానితో అడుగడుగునా తేడా. రెండోదానితో మొదటి నుంచి చివరిదాకా ఒక్క తేడా లేదు. బాతి. "ఇప్పుడు పేరు రాయి" అంది మేడం. రాశాను.

టాబియాకు ఫోను చెయ్యలేదు. పురుడు దగ్గర పడింది, ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. కాస్త తక్కువ బరువు. మొదటి నాలుగు రోజులు పాలు పీల్చడానికి బలం చాల్లేదట, తర్వాత సర్దుకుంది. ఇక ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. చెప్పకపోవడానికి కారణాలు వెతికితే ఎప్పుడూ దొరుకుతాయి.

అత్తగారికి చాలా నెలలపాటు చన్నీళ్ళు తగిలితే చేతులు కాలేవి. ఇత్తడి గిన్నెను పాత ఇనుపసామాను వాడికి తూకానికి ఇచ్చేసింది. పిల్ల పుట్టిన ఇరవయ్యొకటో రోజున కోడలి ముందు కూర్చుని, తప్పు నాదేనని చెప్పుకుని ఏడ్చిందట. చెల్లెలు ఆవిణ్ణి కావలించుకుని ఓదార్చిందని మరిది నాకు చెప్పాడు. ఆ మాట విని మూడు రోజులు నాకు నిద్ర పట్టలేదు. అయినా నోరు విప్పలేదు. పిల్లకు అయిదేళ్ళు నిండేసరికి అత్తగారు పోయింది, అదే నమ్మకంతో.

సంవత్సరీకానికి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో చెల్లెలు కూతురికి తల దువ్వుతోంది. పిల్ల నాయనమ్మ ఫోటో చూపించి, ఆజీ గురించి ఏదో అడిగింది. "ఆజీ గిన్నెలో పులుసు తిని నువ్వు పుట్టకముందే పరేషాన్ చేసినావు. కానీ ఆజీ తప్పు లేదు, ఆజీకి మాలూమ్ లేదు" అంది చెల్లెలు, మామూలుగా, రోజూ చెప్పే కథలా. పిల్లను ఆడుకోమని పంపేసి, మొత్తం చెప్పాను. రేవు, మూట, విప్పని ముడి, సీసా, ఆరు వారాలు, పేరు.

చెల్లెలు దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఒక్కొక్కటీ తీసింది. ముందు అత్తగారి కోసం ఏడ్చింది. "పాపం, ఎంత రోయినాది" అంది. నేను తిట్లకు సిద్ధపడ్డాను. చేప తెచ్చినందుకు, చూడనందుకు. వాటి గురించి తను ఒక్క మాట అనలేదు.

"ఆ సాయంత్రం, ఇక్కడే, నా కడుపు మీద చెయ్యి పెట్టినప్పుడు. అప్పుడు నీకు మాలూమ్ ఉందా అక్కా?"

"పూర్తిగా తెలియదు."

"ఎంత తెలుసు?"

"భయపడేంత తెలుసు."

తను తల ఊపింది. పెరట్లో పిల్ల ఎవరితోనో వాదులాడుతోంది. చెల్లెలు అటే చూస్తూ అంది: "అది లోపల కొట్టుకుంటా ఉంది, తడపడాయిస్తా ఉంది. నేను ఖుషీ అయినాను. దాని అమ్మని, దాని తక్లీఫ్ చూసి హసినాను. నువ్వు నన్ను హసనిచ్చినావు అక్కా. నువ్వు కూడా హసినావు."

అవును, నేను కూడా నవ్వాను.